భివండీ సాంచాలు, బండి బ్రేకులు

వజ్రేశ్వరి అమ్మవారి దర్శనానికీ, గణేశ్‌పురి వేడినీటి గుండాల స్నానానికీ ముంబయి నుంచి బయలుదేరే మన తెలుగు కుటుంబాల్లో చాలామంది భివండీ మీదుగానే పోతారు. వూరు రాగానే కారు అద్దాలు పైకి యెత్తుకుంటారు. గోదాములు, లారీలు, గుంతలు, దుమ్ము, చెవులు గింగురుమనే మగ్గాల చప్పుడు. ఇంతకంటే అక్కడ చూడవలసింది యేమున్నదని వారి అభిప్రాయం. గోదాము లెక్కల పనిమీద ఏడాదికి పదిసార్లయినా ఆ వూరికి పోయివచ్చే మాకు మాత్రం అక్కడ చూడవలసిందీ, నేర్చుకోవలసిందీ కొంత కనిపించింది. అందులో ఒకటి మోటారు సైకిలు బ్రేకును గురించినది. మన యిళ్లలో బండి యెక్కని కుటుంబం యీ రోజుల్లో అరుదు గనుక, ఆ సంగతి చదువరులతో పంచుకుంటున్నాము.

ఠాణా నుంచి పాత ఆగ్రా రోడ్డు పట్టుకుని పోతే బాల్కుం దాటగానే కశేళి వంతెన వస్తుంది. కింద ఆటుపోట్లతో పెరిగి తరిగే ఉప్పునీటి పాయ. వంతెన దిగితే కాల్హేర్, పూర్ణ, రాహ్నాళ్ గ్రామాలు. ఒకప్పుడు వరి మళ్లున్న చోట యిప్పుడు కంటికి ఆనినంత మేర రేకుల గోదాములు. దేశంలో యెవరు యే వస్తువు తెప్పించుకున్నా అది ఒక రాత్రి భివండీలో పడుకుని పోతుందని మావాళ్లు హాస్యానికి అంటారు. అంజూర్ ఫాటా దాటిన తరువాత రోడ్డు సన్నబడుతుంది, చప్పుడు మొదలవుతుంది. టక్ టక్ టక్ టక్ అని గోడల వెనుక నుంచి, మేడల మీది నుంచి, పక్క సందులో నుంచి. ఒక్కొక్క మగ్గంలో నాడె నిమిషానికి నూరుసార్లకు పైగా అటూ ఇటూ పరుగెత్తుతుంది. అటువంటివి ఒక్కొక్క షెడ్డులో పదులకొద్దీ వుంటే యెట్లా వుంటుందో వూహించుకోవచ్చు. క్రొత్తవారికి తలనొప్పి వస్తుంది. అక్కడివారికి ఆ చప్పుడు ఆగితేనే నిద్ర రాదు.

భివండీ నేత యీనాటిది కాదు. 1857 తిరుగుబాటు తరువాత ఉత్తరదేశం నుంచి తరలివచ్చిన మోమిన్ నేతగాళ్లు యిక్కడ చేతిమగ్గాలు పెట్టుకున్నారు. 1930 ప్రాంతాల్లో మరమగ్గాలు దిగాయి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన ముంబయి మిల్లు కార్మికుల సమ్మె మొదలై, మిల్లులు ఒకటొకటే మూతబడుతూ వుంటే, అక్కడ నేసే బట్ట చాలావరకు భివండీ షెడ్లలోకి వచ్చింది. మన పద్మశాలీలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి ముంబయికీ, షోలాపూరుకూ, సూరతుకూ వలసపోయినట్టే భివండీకి కూడా వచ్చారు. పద్మనగర్, కామత్‌ఘర్ వాడల్లో నడిస్తే తెలంగాణ మాట చెవిన పడుతుంది. బతుకమ్మ పండుగనాడు ఆ గల్లీలు చూస్తే సిరిసిల్లకు వచ్చామేమో అనిపిస్తుంది. అక్కడా యిక్కడా కూడా మరమగ్గాన్ని సాంచా అనే అంటారు.

ఆ సాంచాల మనుషులకు యిప్పుడు మోటారు సైకిలే కాలూ చెయ్యీ. రాత్రిపాళీ దిగిన నేతగాడు ఇల్లు చేరేది దాని మీద. బట్ట తాన్లు యెక్కేది దాని మీద. పిల్లలు బడికి పోయేది దాని మీద. ముందూ వెనుకా కంటైనరు లారీలు నడిచే రోడ్లలో, గుంతలో నీళ్లున్నాయో నీళ్లలో గుంత వున్నదో తెలియని వర్షాకాలంలో, యింటిల్లిపాదినీ కాపాడేది ముందు చక్రం పక్కన వున్న పిడికెడు లోహపు ముక్క. దాన్ని క్యాలిపరు అంటారు.

భివండీలో దానికి శత్రువులు ముగ్గురు. మొదటిది వాన. ఠాణా జిల్లాలో జూన్ మొదలు సెప్టెంబరు దాకా 2,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కరీంనగర్ వైపు ఏడాది మొత్తంలో పడేదానికి అది రెండింతలకు మించినది. రెండవది ఉప్పు కలిసిన గాలి. మూడవది యీ వూరికే ప్రత్యేకమైనది, సాంచాల నుంచి లేచే నూలు దుమ్ము. షెడ్డు వాకిట్లో నిలిపిన బండి మీద పొద్దుటికి సన్నని తెల్లని నూగు పరుచుకుని వుంటుంది. జిడ్డు వున్న ప్రతి సందులోకీ అది పోయి అంటుకుంటుంది. వాన పడితే నీళ్లు పీల్చుకుని తడిగుడ్డలాగా అక్కడే కూర్చుంటుంది. తడిగుడ్డ కప్పిన యినుము యేమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

వీటికి తోడు బండి కదలకుండా నిలిచిపోతే మరీ ప్రమాదం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు భివండీ సాంచాలు నిలిచిపోయాయి. మే నెల ఆరంభంలో భివండీ రోడ్ స్టేషను నుంచి గోరఖ్‌పూర్‌కు కార్మికుల ప్రత్యేక రైలు కదిలింది. మనవాళ్లలోనూ దొరికిన వాహనం యెక్కి స్వగ్రామాలకు పోయినవారు వున్నారు. బళ్లు గల్లీలలో మిగిలిపోయాయి. వాటి మీదుగా ఒక వర్షాకాలం పోయింది. తిరిగి వచ్చి చూసుకుంటే కొన్నింటికి చక్రం తిరగదు, కొన్నింటికి బ్రేకు పట్టదు. ఇప్పటికీ పెళ్లిళ్లకనీ, పండుగలకనీ రెండు నెలలు వూరికి పోయివచ్చిన వారికి యీ చిక్కు వస్తూనే వుంటుంది.

అసలు బ్రేకు పట్టేయడమంటే యేమిటో కొంచెం చెప్పాలి. ముందు చక్రానికి వుక్కు పళ్లెం వుంటుంది. దానికి అటొకటి ఇటొకటి రెండు ప్యాడ్లు. చేతి బ్రేకు నొక్కితే గొట్టంలోని ద్రవం క్యాలిపరు లోపలి పిస్టనును తోస్తుంది. సాధారణపు బళ్లకు పిస్టను ఒకవైపే వుంటుంది. అది తనవైపు ప్యాడును పళ్లానికి ఆనిస్తుంది. అవతలివైపు ప్యాడును యెవరు ఆనిస్తారు? క్యాలిపరే రెండు నున్నని పిన్నుల మీద వెనక్కు జరిగి దాన్ని లాక్కువస్తుంది. యీ జారుడు పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటే, చేసేది ఒక్క ప్యాడు మాత్రమే. అది త్వరగా అరిగిపోతుంది, రెండవది క్రొత్తదిలాగే వుంటుంది. ఇద్దరు మోయవలసిన కావడి ఒక్కడి భుజం మీద పడ్డట్టన్నమాట. పిస్టనే మురికిపట్టి వెనక్కు పోకపోతే ప్యాడు పళ్లాన్ని వదలదు. పళ్లెం కాలుతుంది, పెట్రోలు అదనంగా తాగుతుంది. ఇక ప్యాడ్లను పట్టుకుని వుండే పిన్ను మరలు బిగుసుకుంటే, అరిగిన ప్యాడ్లను మార్చడానికే వీలుండదు.

మా సహోద్యోగి ఒకరికి యీ మూడూ ఒకేసారి వచ్చాయి. ఆయన కాపురం పద్మనగర్‌లో. రోజూ కూతుర్ని వెనుక కూర్చోబెట్టుకుని కశేళి వంతెన దాటి ఠాణా కాలేజీలో దింపుతారు. జూన్ నెలలో తల్లికి జబ్బు చేసి వూరికి పోయి, దసరా వెళ్లిన తరువాత తిరిగివచ్చారు. అంతవరకూ బండి చూరు కింద తడుస్తూ వున్నది. రోడ్డు పక్కని ఒక దుకాణంలో చూపిస్తే అక్కడి కుర్రవాడు ఎలన్ కీ పెట్టి బలమంతా చూపాడు. పిన్ను కదలలేదు గాని దాని తలలోని ఆరు మూలల గుంట అరిగి గుండ్రమయ్యేదాకా వచ్చింది. "క్యాలిపరే మార్చాలి" అన్నారట. అది చాలా రోజుల సంపాదన. అప్పుడాయన మమ్మల్ని వెంటబెట్టుకుని కామత్‌ఘర్‌లోని ఒక మేస్త్రి దగ్గరకు పోయారు.

ఆ మేస్త్రి అరవై దాటినవాడు. ముప్పై యేళ్లు సాంచాల జాబరుగా చేసినవాడు. జాబరంటే మగ్గం చెడితే బాగుచేసే మేస్త్రి. తాను పనిచేసిన షెడ్డులో సాంచాలు తూకానికి అమ్ముడుపోయిన తరువాత గల్లీ మొగలో నాలుగు రేకులు వేసుకుని బళ్లు చూస్తున్నాడు. బండిని స్టాండు మీద నిలిపి, వెనుక ఒకరిని అదిమి కూర్చోమని, ముందు చక్రాన్ని చేతితో తిప్పాడు. అర చుట్టు తిరిగి కిర్రుమని ఆగింది.

"కాకా, సుత్తెతోటి నాలుగు దెబ్బలు గట్టిగ కొడితే రాదా?" అన్నారు మా మిత్రులు.

"వస్తది బిడ్డా. పిన్నుతోటి క్యాలిపరు చెవి గూడ వస్తది" అన్నాడు మేస్త్రి.

తరువాత అతడు చేసిన పని మేము రెండు రోజులు చూశాము. క్యాలిపరును ముందుగా బండి నుంచి వూడదీయలేదు. అది ఫోర్కుకు బిగించి వుండగానే ప్యాడు పిన్నును వదులు చేసుకోవాలట. వూడదీసిన తరువాత చేతిలో పట్టుకుని తిప్పబోతే పట్టు దొరకదు. పిన్ను తలలోని గుంటలో మట్టీ, నూలు నూగూ దట్టించి వున్నవి. గోనెసంచులు కుట్టే సూదితో అదంతా పెళ్లగించాడు. కీ గుంటలోకి అడుగుదాకా దిగకుండా తిప్పడం వల్లనే మూలలు అరుగుతాయని చెప్పాడు. పళ్లానికి పాలిథిను సంచీ కట్టి, తుప్పు వదిలించే పలుచని నూనె మరల దగ్గర చుక్కలుగా వేశాడు. పిన్ను తల మీద చిన్న సుత్తెతో టక్కు టక్కుమని, తలుపు తట్టినట్టు తట్టాడు. ఆ అదురుకు తుప్పులో సన్నని పగుళ్లు పడతాయి. వాటిలోంచి నూనె దిగుతుంది. మళ్లీ నూనె, మళ్లీ తట్టడం. తరువాత, "పోయి రేపు రాండ్రి" అన్నాడు.

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలన్న సామెత యిక్కడ పనికిరాదని మాకు అప్పుడే తోచింది.

మరునాడు పొయ్యి మీది కెటిలు తెచ్చి మరిగే నీళ్లు క్యాలిపరు మీద ధారగా పోశాడు. ఇందులో కిటుకు వున్నది. క్యాలిపరు అల్యూమినియం, పిన్ను వుక్కు. ఒకే వేడికి అల్యూమినియం వుక్కుకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అంటే గుంట పెద్దదై పిన్నుకు చోటు వస్తుంది. గ్యాసు మంట పెట్టినా ఆ పని జరుగుతుంది గాని, లోపలి రబ్బరు వాషర్లు మాడిపోతాయి, బ్రేకు ద్రవం అంటుకునే ప్రమాదం కూడా వున్నది. మరిగే నీళ్లకు ఆ భయం లేదు. నీళ్లు పోసిన వెంటనే గుంటలోకి ఎలన్ కీకి బదులు దానికంటే వెంట్రుకవాసి పెద్దదైన నక్షత్రపు ముఖం బిట్టును సుత్తెతో దిగగొట్టాడు. పొడుగు పానాతో తిప్పాడు. విప్పే వైపు కాదు, బిగించే వైపు. మేము ఆశ్చర్యపడ్డాము. "ముందు పట్టు విడిపియ్యాలె. అటు కదిలితే ఇటు వస్తది" అన్నాడు. ఏదో విరిగినట్టు చిన్న చప్పుడయింది. ఇంత ముందుకు, ఇంత వెనక్కు, మళ్లీ నూనె, మళ్లీ ఇంత. పది నిమిషాల్లో పిన్ను చేతికి వచ్చింది. మరల నిండా తెల్లటి పొడి. వుక్కూ అల్యూమినియమూ ఉప్పుతడిలో కలిసి వుంటే అల్యూమినియం తినబడి ఆ పొడి అవుతుంది. సిమెంటులాగా పట్టేది అదే.

ప్యాడ్లు బయటికి తీసి చూపించాడు. ఒకటి రేకు కనిపించేదాకా అరిగివున్నది, రెండవది సగానికి పైగా మిగిలివున్నది. జారుడు పిన్నులు పట్టేశాయనడానికి అదే సాక్ష్యం. వాటిని లాగలేదు. నూనె వేసి, రబ్బరు తొడుగులు చిరగకుండా, తిప్పుతూ తిప్పుతూ బయటికి రప్పించాడు. వాటి మీద యెప్పుడో పూసిన మామూలు గ్రీజు నల్లని జిగురై వున్నది. మన కుర్రవాళ్లు చేతికందిన గ్రీజు పూస్తారనీ, పెట్రోలియం గ్రీజు తగిలితే యీ రబ్బరు వుబ్బిపోతుందనీ, బాగుచేసిన ఆరునెలలకే మళ్లీ పట్టేయడానికి కారణం అదేననీ అన్నాడు. పిన్నులను సన్నని గరుకు కాగితంతో మెరిసేట్టు రుద్ది, గుంటలు తుడిచి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాను గ్రీజు పలుచగా పూసి పెట్టాడు. ఇప్పుడు రెండు వేళ్లతో నెడితే క్యాలిపరు వెన్నలో కత్తిలాగా జారింది.

ఇక పిస్టను. దాన్ని కటింగ్ ప్లయరుతో పట్టి లాగడం మహాపరాధమట. పైపూత మీద ఒక్క గీత పడినా రబ్బరు కోసుకుపోయి ద్రవం కారుతుంది. క్యాలిపరు నోట్లో చెక్కముక్క అడ్డం పెట్టి, చేతి బ్రేకు నెమ్మదిగా నొక్కి, పిస్టనును కొంచెం బయటికి రానిచ్చాడు. చెక్క లేకపోతే అది వూడి కింద పడుతుంది. బయటపడిన అంచును సబ్బునీళ్లతో, పాత పళ్ల బ్రష్షుతో శుభ్రంగా కడిగి, తుడిచి, కొంచెం బ్రేకు ద్రవం రాసి లోపలికి నెట్టాడు. నెట్టేముందు హ్యాండిలు మీది ద్రవపు డబ్బా మూత తీయించాడు. పిస్టను వెనక్కు పోతే ద్రవం పైకి పొంగుతుంది. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. అట్లా మూడు నాలుగుసార్లు బయటికీ లోపలికీ ఆడించాక పిస్టను చేతి బొటనవేళ్ల వత్తిడికే పోయింది. తుప్పు గుంతలు పడిన పిస్టనయితే యీ శుద్ధి చాలదు. పిస్టనూ రబ్బర్లూ క్రొత్తవి వేయవలసిందే.

క్రొత్త ప్యాడ్లు, క్రొత్త ప్యాడు పిన్ను వేసి బిగించిన తరువాత మా మిత్రులు వుత్సాహంగా బండి యెక్కబోయారు. మేస్త్రి హ్యాండిలు పట్టుకుని ఆపాడు. "నొక్కి చూడు బిడ్డా" అన్నాడు. నొక్కితే బ్రేకు పిడి హ్యాండిలుదాకా వుత్తగా పోయింది! పిస్టను వెనక్కు వున్నది గదా. పదిసార్లు నొక్కితే గాని అది ముందుకు వచ్చి గట్టిపడలేదు. యీ సంగతి తెలియక గల్లీ దాటి రోడ్డెక్కినవాడి గతి యేమిటో ఆలోచిస్తేనే వొళ్లు జలదరిస్తుంది. మొదటి రెండు మూడు రోజులు మెల్లగా, పదేపదే తేలికగా ఆపుతూ నడిపితే ప్యాడ్లు పళ్లానికి అమరుతాయని కూడా చెప్పాడు.

ఇంత వోపిక యెక్కడ నేర్చావని అడిగాము. సాంచా చూపించాడు. పక్క షెడ్డులో యింకా నాలుగు ఆడుతున్నవి. పేక పోగు తెగితే ఒక చిన్న ఫోర్కు దాన్ని కనిపెడుతుంది. వెంటనే పిడి తన్నుకుంటుంది, బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది, సాంచా ఆగిపోతుంది. అంటే సాంచాకూ బ్రేకు వున్నది! దాని కీళ్లలో నూగు పట్టి బిగిస్తే సాంచా వెంటనే ఆగదు, బట్టలో మచ్చ పడుతుంది. సుత్తెతో కొడితే పోత యినుము పగులుతుంది, షేటు జీతంలోంచి కోస్తాడు. అందుకని నూనె వేసి, తట్టి, వేచివుండడం నేర్చుకున్నానన్నాడు. తరువాత ఒక మాట అన్నాడు: "సాంచా ఆగకపోతే బట్ట ఖరాబైతది. బండి ఆగకపోతే?"

భివండీలో సాంచాలు కొన్నేళ్లుగా తుక్కుకు పోతున్నవి. నూలు ధర, కరెంటు బిల్లు, సూరత్ బట్ట పోటీ మొదలైన కారణాలు అనేకం చెబుతారు. జాబర్ల పిల్లలు గోదాముల్లో లెక్కలు రాస్తున్నారు. మూతబడిన షెడ్డును మళ్లీ తెరిపించడం మన చేతిలో లేదు. కాని ఆ షెడ్లలో పుట్టిన చేతి తెలివి యీ గల్లీ మొగల్లో యింకా బతికివున్నది. బాగయ్యే వస్తువును బాగుచేసుకోవచ్చునని అది చెబుతున్నది. క్యాలిపరు మొత్తం మార్చమన్న చోట ప్యాడ్లకూ, ఒక పిన్నుకూ, కొంచెం గ్రీజుకూ అయిన ఖర్చుతో మా మిత్రుల బండి నిలబడింది. మరుసటి సోమవారం నుంచి వారి అమ్మాయి మళ్లీ దాని మీదనే కాలేజీకి పోతున్నది.

చదువరులకు మా మనవి యిది. వర్షాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి బండి క్యాలిపరు విప్పించి జారుడు పిన్నులకు తగిన గ్రీజు పెట్టించండి. ద్రవం డబ్బా మూత మీద యే రకం రాసివుంటే అదే పోయించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్లకు ఒకసారి మార్పించండి. నూనె గాని గ్రీజు గాని ప్యాడ్లకూ పళ్లానికీ తగలనివ్వకండి. పళ్లెం లేని పాత డ్రమ్ము బ్రేకుల బళ్లయితే లోపలి మీట కుదురు కూడా యిట్లాగే పట్టేస్తుంది. దాన్ని విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో వూదకండి. పాత లైనర్లలో రాతినార వుండవచ్చు, తడిగుడ్డతో తుడవాలి. 2019 ఏప్రిల్ తరువాతి బళ్లలో 125 సి.సి. దాటిన వాటికి ఏబీఎస్ వుంటుంది. చక్రం పక్కని దాని తీగను లాగకుండా చూసుకోండి. ఏబీఎస్ వున్నా పట్టేసిన పిన్నును అది విడిపించలేదు.

వూరికి పోయేటప్పుడు బండి తాళం పక్కింటి వారికి యిచ్చి, వారానికి ఒకసారి గల్లీ చివరిదాకా నడిపి, రెండు బ్రేకులూ పదిసార్లు నొక్కి పెట్టమనండి. తిరిగివచ్చేటప్పుడు వారికి వూరి సకినాలు తెస్తే సరి.